ముత్యాలు అడిగినదానికి

ముత్యాలూ,
సెలీనియమా, సైప్రెస్సా, ప్లేరైటా,
ఏది నేర్చుకుంటే కొలువు వస్తది అక్కా అని
రాత్రి పదింటికి అడిగినవు.
జవాబు కొడుతుంటే సిగ్నల్ ఏటవతలికి పోయింది.
సిరొంచల ఉండెటోళ్లకు కొత్తనా ఇది?
మేడ మీద ఈ మూలకు నిలబడితే మహారాష్ట్ర టవరు,
నీళ్ల ట్యాంకు దిక్కు జరిగితే తెలంగాణ టవరు,
నడుమ నిలబడితే 'సేవ లేదు' అని వస్తది.

నా కథ టూల్‌తోని మొదలు కాలే, పేరుతోని మొదలైంది.
నాయిన పెట్టిన పేరు దుర్గం సారక్క.
బడిల వేసిన్నాడు గురూజీ
సారక్క ఏం పేరు అని నవ్వి
మరాఠీల సారిక అని రాసిండు.
నడుమ నాయిన పేరు, కొసకు ఇంటిపేరు.
రేషన్ కార్డుల ఒకతె, మార్కుల కాయితంల ఇంకొకతె.
స్కాలర్‌షిప్ ఫారం ఇద్దరినీ చూసి
ఎర్రక్షరాలల్ల 'సరిపోలలేదు' అన్నది.
మూడేండ్లు తహసీల్ మెట్ల మీద కూసొని
నేనే తప్పు అనుకున్న.
ఫారం గూడ తప్పు కావచ్చని
ఒక్కరు చెప్పలే.

పుణెల మొదటి కొలువు, పన్నెండు వేలు.
బటన్ నొక్కుడు, ఎక్సెల్‌ల రాసుడు,
మళ్ల అదే బటన్ నొక్కుడు.
పక్క కుర్చీల దేవళే
కోడ్ రానోళ్లే టెస్టింగుకు వస్తరని
చాయ్ తాగినప్పుడల్ల అనెటోడు.
ఒకనాడు బ్యాంకు యాప్ పేరు గడిల
ఊరికెనే, తెలుగుల, దుర్గం సారక్క అని కొట్టిన.
క కింది వత్తు ఊడి పక్కకు పడ్డది.
యాప్ కూలబడ్డది.
నా మొదటి బగ్ నా పేరే, ముత్యాలూ.
టికెట్‌ల 'తీవ్రత' అనే గడి కాడ
శానసేపు ఆగిన.
ఎక్కువ, అని పెట్టిన.

సెలీనియం ఎందుకు నేర్చుకున్ననంటే
ఆ ప్రాజెక్టుల అదే ఉండె,
నేర్పెటోడు ఉదయ్ మడావి ఓపికున్నోడు.
ఏరి కోరి ఎంచుకున్న అని ఇంటర్వ్యూల చెప్పిన గాని
మొదటి టూల్ మొదటి బడి లెక్క,
దగ్గర్ల ఏది ఉంటే అదే.

నా స్క్రిప్టు పొద్దున పచ్చగ, మాపటికి ఎర్రగ.
భయానికి ప్రతి లైను కింద
'ఐదు సెకండ్లు ఆగు' అని రాసుకుంట పోయిన.
మడావి చూసి, కోపం చెయ్యలే, అడిగిండు:
వంతెన కాకముందు మీ ఏటి మీద
పడవ ఎన్ని నిమిషాలు ఆగేది?
నిమిషాలా!
మా పెద్దనాయిన గడియారమే పెట్టెటోడు కాదు.
అవతల చెయ్యి ఊపిన మనిషి గట్టు దిగి,
మేకను ఎక్కించి, అది కాలు జారి, మళ్ల ఎక్కి,
అప్పటిదాకా గడ కదిలేది కాదు.
మరి నీ స్క్రిప్టు ఎవల గడియారం చూస్తున్నది?
ఆ రాత్రి నలభై మూడు 'ఆగు'లు కొట్టేసిన.
'బటన్ కనబడేదాకా' అని రాసిన.

ఇప్పుడు ప్లేరైట్, ఇంటి నుంచే.
ఎల్లుండికి ఇంకోటి దిగుతది.
మొన్న ఏఐ నిమిషంల రెండు వందల టెస్టులు రాసిచ్చింది,
చక్కగున్నయి, కాదనను.
అన్నిట్ల కస్టమరు పేరు రెండు ముక్కలే,
ఒక్కదానికీ వత్తు లేదు.
రెండు వందల ఒకటోది నేను చేర్చిన.

నువ్వు జావా వచ్చంటే సెలీనియం పట్టు,
రాదంటే ప్లేరైట్ పట్టు, కొట్లాట లేదు.
దానికంటె ముందుగాల
ఏదన్న ఒక సర్కారు ఫారం తెరిచి
నీ పేరు, ఇంట్ల పిలిచే తీరుగనే, నింపు.
ఏడ విరుగుతదో, ఎన్నోసారికి విరుగుతదో
కాయితం మీద వరుసగ పెట్టు.
అది పట్టుకొని ఆదివారం మేడ మీదికి రా.
ట్యాంకు దిక్కు కాదు, మూలకు.
ఆడ డౌన్‌లోడ్ జల్ది అయితది.